తెల్ల హెల్మెట్

తెల్ల హెల్మెట్ గేటు దాటగానే ఉడుతకి గుండె జారిపోయింది. ఇవాళో రేపో అన్న ఇన్‌స్పెక్టర్ ఇవాళే ఊడిపడ్డాడు!

ఉడుత అసలు పేరు సైటులో ఎవరికీ గుర్తులేదు. పరంజా మీద అంత చకచకా పాకుతాడు మరి. ఆరంతస్తుల భవనం చుట్టూ పైపులు బిగించి, పలకలు పరిచి పరంజా కట్టింది అతని జట్టే. మేస్త్రిగా అతనికిదే మొదటి పని. ఇన్‌స్పెక్టర్ గ్రీన్ ట్యాగ్ కడితేనే దాని మీద ఎవరైనా ఎక్కాలి. రెడ్ ట్యాగ్ కట్టాడో, మేస్త్రిగిరీ హుళక్కే.

అసలే మనసు బాగాలేదు. క్రేన్ నడిపే అమ్మాయిని అడిగిన మాటకి నెల రోజులుగా జవాబు లేదు. వాకీటాకీలో "కొక్కెం దించనా, ఎత్తనా" తప్ప ఇంకో ముక్క మాట్లాడదు.

వచ్చిన పెద్దమనిషి ఒక పైపు పట్టుకుని బలంగా ఊపాడు. పైపు కదల్లేదు. హెల్మెట్ మాత్రం కళ్ళ మీదికి జారింది.

"గట్టిగానే కట్టావే. మందు అలవాటుందా?"

"లేదండీ."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

పడితే ఎవరికి కబురు పెట్టాలో రాసుకుంటారు కాబోలు అనుకున్నాడు ఉడుత.

"అమ్మా, అక్కా అండీ."

"నిన్ను ఉడుత అంటారటగా. ఏదీ, ఆ సేఫ్టీ బెల్టూ గిల్టూ తీసి పారేసి, ఒక్కసారి పైదాకా ఎక్కి చూపించు."

ఉడుత పైకి చూశాడు. ఎక్కితే క్షణంలో పని. కాదంటే ఈయనకి కోపం. చుట్టుపక్కల చూసేవాళ్ళు కూడా లేరు.

"ఎక్కనండీ. బెల్టు లేకపోతే మా వాళ్ళనే దింపేస్తాను. రెడ్ ట్యాగ్ కడతానంటే కట్టుకోండి."

"పెద్దవాణ్ణి అడుగుతున్నా కదయ్యా!"

"పెద్దవారు కనకే ఊరుకున్నానండీ. ఇంకొకరైతే గేటు బయటికి పంపేవాణ్ణి."

పెద్దమనిషి అతన్ని ఎగాదిగా చూశాడు. ఏ ట్యాగూ కట్టకుండానే చక్కా వెళ్ళిపోయాడు.

కొంప మునిగిందనుకుని ఉడుత ఇసక కుప్ప మీద కూలబడ్డాడు. నోరు మూసుకుని ఎక్కేస్తే పోయేదేమో! పని ఊడినవాడు ఇంక ఏ ముఖం పెట్టుకుని ఆ అమ్మాయిని మళ్ళీ అడుగుతాడు?

అంతలో వాకీటాకీ గరగరలాడింది. పైనుంచి క్రేన్ అమ్మాయి.

"ఇన్‌స్పెక్టర్ రేపొస్తాడట గానీ, పెళ్ళి మాటలకి మీ అమ్మనీ అక్కనీ ఎప్పుడు పంపిస్తావో కనుక్కోమన్నారు మా నాన్న."