తడి గోనె

1994 ఏప్రిల్. దక్షిణాఫ్రికాలో అన్ని జాతులవాళ్లూ కలిసి మొదటిసారి ఓటు వేయబోయే నెల. స్టాంగర్‌లో రిటైరైన మిల్లు ఫిట్టర్ అప్పల్సామి, పెరటి షెడ్డులో డ్రమ్ముడు బీరు పులియబెట్టాడు. ముప్పై ఏళ్లు తనతో పనిచేసిన నల్లజాతివాడు ముజీతో ఓటు రోజున కలిసి తాగుదామని మాట ఇచ్చుకున్నాడు. మిల్లులో జాతులు వేరని ఇద్దరినీ ఏనాడూ ఒకే బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు.

పులిసే బీరు తనంతట తానే వేడెక్కుతుంది. ఇరవై డిగ్రీలు దాటితే రుచి చెడుతుంది. అందుకే డ్రమ్ముకు గోనె చుట్టి, మూడు గంటలకోసారి తడిపేవాడు. ఆ సంగతి ముజీకీ తెలుసు.

మంగళవారం ఓట్ల గొడవల్లో ఎవరో ముజీ ఇల్లు తగలబెట్టారు. ముజీ జాడ లేదు. అప్పల్సామి పొద్దంతా వెతికి, చీకటి పడ్డాక గోనె గుర్తొచ్చి షెడ్డులోకి పరుగెత్తాడు.

గోనె నుంచి నీళ్లు కారుతున్నాయి. థర్మామీటరు పద్దెనిమిది చూపిస్తోంది.

"చిట్టీ, గోనె నువ్వు తడిపినావా?" అని కేకేశాడు.

"నేను అటు రాలే," అంది భార్య చిట్టెమ్మ వంటింట్లోంచి.

మూత మీది గొట్టంలో బుడగలు ఒక్కొక్కటే చిట్లుతున్నాయి. వాటి మధ్య ఊపిరి లాంటి చప్పుడు వినిపించింది. మూలనున్న బస్తాల వెనక నుంచి పొగ వాసన వచ్చింది.

"ముజీ?" అన్నాడు మెల్లగా.

ఆ ఊపిరి చప్పుడు ఆగిపోయింది.

బతికున్నవాడు దాక్కున్నాడో, పోయినవాడు ఇచ్చిన మాట కోసం వచ్చాడో. టార్చి అటు తిప్పితే తేలిపోతుంది. అతను తిప్పలేదు. తలుపు దగ్గరగా వేసి ఇంట్లోకి వచ్చాడు.

"ఎవరు అక్కడ?" అంది చిట్టెమ్మ.

"ఎవరూ లేరు. ఇంకో కంచం పెట్టు."