ఎడమచేతి పిల్ల

కొన్నాళ్లుగా కొండలరావు నోట ఒకటే పేరు. శ్రీసత్య.

అన్నం ముందు కూర్చున్నా అదే. చేపల పులుసు కలుపుకుంటూ, "ఆ పిల్ల ఎడం సెయ్యి సూడాల ఈశ్వరీ, మెరుపే" అంటాడు. ఈశ్వరి గిన్నె మీద మూత కాస్త గట్టిగా పెడుతుంది.

కొండలరావుకి పోర్టులో ఉద్యోగం. సాయంత్రం డ్యూటీ దిగగానే వన్ టౌన్‌లో ఒక పాత గోడౌన్‌కి వెళ్లి పిల్లలకి బాక్సింగ్ నేర్పుతాడు. అదే అతని లోకం. ప్రపంచంలో ఇంతవరకూ పుట్టిన బాక్సర్లలో ఎవరు గొప్ప అని ఎవరైనా కదిపితే చాలు, టీ చల్లారిపోయేదాకా వాదిస్తాడు. అలీ పాదాలు వేరు, టైసన్ గుద్దు వేరు అంటాడు. ఎవరినీ ఒకపట్టాన ఒప్పుకోడు. అలాంటి మనిషి స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్ నుంచి వచ్చే ఒక డిగ్రీ పిల్లని చూసి మురిసిపోతున్నాడు.

ఆదివారాలు కూడా ఇంట్లో ఉండడం లేదు. ఆ పిల్లకోసం గుడ్లు తనే ఉడకబెట్టి డబ్బాలో పట్టుకెళ్తాడు. ఫోన్‌లో ఆ పిల్ల వీడియోలు. ఒకదాన్నే వెనక్కీ ముందుకీ జరిపి చూసుకుంటాడు. అతను స్నానానికి వెళ్లినప్పుడు ఈశ్వరి కూడా చూసింది. చూడకూడదనుకుంటూనే మళ్లీ మళ్లీ చూసింది. సన్నటి నడుం, పొడుగాటి చేతులు, నేల మీద నిలవని పాదాలు. అద్దం ముందుకెళ్లి నిలబడింది. ఇద్దరు బిడ్డల తల్లి. నడుం ఎప్పుడో పోయింది. జబ్బలు జారాయి.

ఈ మధ్యే ఆనందపురం నుంచి వచ్చి పక్క వాటాలో దిగిన కాసులమ్మ ఇదంతా కనిపెట్టింది. మగవాడు ఇంట్లో ఇంకో ఆడదాని పేరు అన్నిసార్లు ఎత్తడం మంచిది కాదనీ, ఇప్పుడే మొహం మీద అడిగెయ్యమనీ చెప్పింది.

ఈశ్వరి అడిగింది.

"ఆ పిల్లలో ఏటుంది మావా అంత?"

"సెప్తే తెలీదు. ఓసారి వచ్చి సూడు."

వెళ్లలేదు. ఆ గోడౌన్ గడప తొక్కి ఏళ్లయింది. ఇప్పుడు దానికోసం తొక్కుతుందా?

ఒక సాయంత్రం ఆ పిల్లే ఇంటికి వచ్చింది. రాష్ట్ర పోటీలకి ఎంపికైందట, స్వీట్లు తెచ్చింది. కొండలరావు ఇంకా రాలేదు. ఈశ్వరి ఆమెను గుమ్మంలోనే ఆపేసింది. స్వీట్ల పెట్టె అందుకోలేదు. ఆ పిల్ల ఎడమ చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. వేళ్ల కణుపులు కందిపోయి ఉన్నాయి. విదిలించినట్టు వదిలేసింది.

"మీ గురించి సార్ ఎప్పుడూ చెబుతుంటారండీ" అంది శ్రీసత్య, భయంభయంగా.

"నా గురించి నీకెందుకు? ఇంకెప్పుడూ ఈ గుమ్మం ఎక్కకు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఈశ్వరికి కాసేపు హాయిగా అనిపించింది. తర్వాత అన్నం సయించలేదు. సంగతి తెలిసి కొండలరావు చిన్నబుచ్చుకున్నాడే గాని ఒక్క మాట అనలేదు. అతను అరిచి ఉంటే ఆమెకు బాగుండేది.

పోటీలు మద్దిలపాలెం దగ్గర ఒక హాల్లో. మొగుడికి చెప్పకుండా, కాసులమ్మని తోడు తీసుకుని ఈశ్వరి ఫైనల్‌కి వెళ్లింది. ఆఖరి వరసలో కూర్చుంది. దూరంగా కొండలరావు మోకాళ్ల మీద కూర్చుని శ్రీసత్య చేతికి గుడ్డపట్టీ చుడుతున్నాడు. ఒక్కో వేలి సందులోంచీ తీస్తూ, పసిపిల్లకి జడ అల్లినంత నెమ్మదిగా. ఈశ్వరి పిడికిట్లో చీరకొంగు నలిగిపోయింది.

"సూసినావా" అని కాసులమ్మ మోచేత్తో పొడిచింది.

మొదటి రౌండంతా శ్రీసత్య దెబ్బలే తింది. విజయవాడ పిల్ల ఆమెను తాళ్లకి నెట్టి వాయించింది. రెండో రౌండూ అంతే. ఓడిపోవాలి, అనుకుంది ఈశ్వరి. సిగ్గు లేకుండా, పళ్లు బిగించి మరీ కోరుకుంది.

మూడో రౌండ్లో ఆ ఎడమ చెయ్యి లేచింది. అది ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. అవతలి పిల్ల తల వెనక్కి వాలడం మాత్రం చూశారు. వెంటనే అదే చెయ్యి మరోసారి. రిఫరీ అడ్డంపడి ఆట ఆపేశాడు.

హాలంతా లేచి నిలబడింది. ఈశ్వరి లేవలేదు.

విలేకరులు కొండలరావుని చుట్టుముట్టి మైకు పెట్టారు. అతను శ్రీసత్య భుజం మీద చెయ్యి వేశాడు.

"సానామందిని సూసినాను. ఈ ఊరు పుట్టాక ఇంత గొప్ప బాక్సర్ ఇంకోలు నేరు."

అప్పుడు లేచింది ఈశ్వరి. ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది. కాసులమ్మ జనంలో ఎక్కడో వెనకబడిపోయింది.

ఆమెను చూసి కొండలరావు పరుగెత్తుకొచ్చాడు. బస్టాపు దగ్గర అందుకున్నాడు. ఎవరో వేసిన దండ ఇంకా మెడలోనే ఉంది. ఇంటికి రాననీ, పుట్టింటికి పోతాననీ అంది ఈశ్వరి. అతనికి ఇన్నాళ్లూ అర్థం కాని మూతుల చప్పుళ్లన్నీ ఒక్కసారిగా అర్థమైనట్టనిపించింది.

"పిల్లల మీద ఒట్టు ఈశ్వరీ. అది నాకు కూతురు లెక్క. నువ్వనుకుంతన్నది మా మద్దిన ఏటీ నేదు."

"నానెప్పుడూ అలగ అనుకోనేదు మావా."

బస్సు వచ్చింది. ఎక్కకుండా అలాగే నిలబడింది. ఆమె కళ్లలో అప్పుడు మొదటిసారి నీళ్లు తిరిగాయి.

"పెద్దది కడుపున పడిందని నాను గ్లవ్స్ ఇప్పీసి నీ సేతిలో ఎట్టిన నాడు, ఈ ఊరికి నీయంత బాక్సర్ మళ్లీ పుట్టదని నువ్వన్న మాటొక్కటే నాకు మిగిలింది, ఇయ్యాల దాన్ని కూడా ఆ పిల్లకిచ్చీసినావు."