అరగదీసిన బల్బు

"ఆ బల్బు కొనకు బాబూ."

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. షాపు మెట్టు మీద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం. చూపు మాత్రం కౌంటరు మీది బల్బు మీదే.

డ్రైవరుది సొంత కారు, అద్దెకు తిప్పుతాడు. ముందు లైటొకటి పొద్దునే మాడిపోయింది. మర్నాడు భార్యను వాళ్ళక్క ఊరికి తీసుకెళ్ళాలి. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. అందుకే స్నేహితుడి స్పేర్ పార్టుల షాపుకి వచ్చాడు.

డ్రైవరు ఈ వీధిలోని అద్దెకార్ల స్టాండుకి మారినప్పటి నుంచీ ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. షాపతను డ్రైవరు భార్యను వదినా అని నోరారా పిలుస్తాడు. ఆమె వడ్డిస్తే కడుపు నిండా తింటాడు.

అతను బల్బుకి బ్యాటరీ వైర్లు తగిలించాడు. గోడంతా సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"చూశావా అన్నా. కంపెనీ బల్బు దీని ముందు గుడ్డిదీపం. రెండువైపులా ఇవే వేసేద్దాం."

"నా కారుకి పడతాయా?"

"పట్టకపోతే పట్టిస్తాం. ఇక్కడున్నది ఎవరనుకున్నావు?"

బల్బు అంచున మూడు రేకులున్నాయి. అందులో ఒకటి అడ్డొస్తోంది. షాపతను ఆకురాయి తీసి దాన్ని అరగదీయడం మొదలుపెట్టాడు.

ముసలాయన మెట్టు దిగి పోలేదు సరికదా, లోపలికి వచ్చేశాడు.

"ఆ రేకు ఉన్నది బల్బు తిన్నగా కూర్చోవడానికి. అరగదీస్తే వంకరగా కూర్చుంటుంది. వెలుగు రోడ్డు మీద పడదు, పైకి లేస్తుంది. వాన వచ్చిందంటే కళ్ళ ముందు తెల్లగుడ్డ కట్టినట్టే. కంపెనీది వేయించుకో బాబూ. పసుప్పచ్చగా ఉన్నా దారి చూపిస్తుంది."

షాపతను తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఎవరు తమ్ముడూ ఈయన?"

"ఎవడో. నా బేరాలు చెడగొట్టమని ఆ చివరి షాపువాడు పంపిస్తున్నాడు. నేను నోరెత్తితే, ముసలాడి మీద నీ ప్రతాపమేంటని అందరూ నన్నే అంటారు."

"రోజూ వస్తున్నాడా?"

"పోనీలే అన్నా. నీకెందుకీ తలనొప్పి."

ఆ మాటకే డ్రైవరుకి రోషం పొడుచుకొచ్చింది. స్నేహితుడి పొట్ట కొడుతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు అతను. వెళ్ళి ముసలాయన మెడ మీద చెయ్యి వేశాడు.

"పెద్దాయనా, నీ బల్బులు నీ షాపులో అమ్ముకో. పద."

ముసలాయన డ్రైవరు వైపు చూడలేదు. కౌంటరు వైపు చూశాడు. అటునుంచి ఒక్క మాటైనా వస్తుందేమోనని ఆగాడు.

ఆకురాయి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

డ్రైవరు తోశాడు. ముసలాయన మెట్టు తప్పి రోడ్డు మీద మోకాళ్ళ మీద పడ్డాడు. మెల్లగా లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"వానలో మాత్రం తియ్యకు బాబూ బండి," అని వెళ్ళిపోయాడు.

"సొంత అన్న కూడా నా కోసం ఇంత చెయ్యడు," అన్నాడు షాపతను బల్బు బిగిస్తూ.

మర్నాడు సాయంత్రం తిరిగొస్తుంటే దారిలో వాన పట్టుకుంది.

వెలుతురుకు లోటు లేదు. అదంతా వాన చినుకుల మీదే ఆగిపోయింది. తారురోడ్డు ఎటు పోయిందో తెలియలేదు.

"ఏమండీ, దారి కనబడుతోందా మీకు?"

"కనబడుతుందిలే. కొత్త బల్బులు కదా."

"కాసేపు ఎక్కడైనా ఆపుదామండీ."

"ఇంకెంత దూరం? ఇట్టే వెళ్ళిపోతాం."

మలుపు కనబడలేదు. కల్వర్టు గోడా కనబడలేదు.

అతను బతికాడు. ఆమె పోయింది.

షాపతను ఇంటికొచ్చి గుండెలు బాదుకుని ఏడ్చాడు. "ముదనష్టపు వాన అన్నా, వదినను పొట్టన పెట్టుకుంది," అన్నాడు. డ్రైవరు అతన్నే పట్టుకుని ఏడ్చాడు.

నుజ్జయిన కారు విప్పిన మెకానిక్కు బల్బు చేతిలోకి తీసుకుని నుదురు చిట్లించాడు.

"రేకు అరగదీసింది ఎవడయ్యా? ఈ పనిలో ఉన్నవాడెవడూ తెలియక చెయ్యడు దీన్ని."

డ్రైవరు ఆ బల్బు తీసుకెళ్ళి షాపు కౌంటరు మీద పెట్టాడు.

"తెలిసే చేశావా?"

షాపతను బల్బును పక్కకి నెట్టాడు.

"అందరికీ అలాగే వేస్తున్నానన్నా. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు."

"మీ వదినకి కూడా అందరికీ వేసినట్టే వేశావు."

షాపతను లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ బయటికి రాలేదు.

ఇన్నాళ్ళ టీలు, ఇన్ని పిలుపులు, ఆ ఏడుపు, అన్నీ ఒక్కసారిగా వెగటు పుట్టించాయి డ్రైవరుకి. ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కడే నిజం చెప్పాడు. ఆ ఒక్కణ్ణీ తన చేత్తోనే గెంటాడు.

వీధి చివరి షాపుకి వెళ్ళాడు.

"మీ మనిషి ఎక్కడున్నాడండీ? ఆయన కాళ్ళు పట్టుకోవాలి."

"నా మనిషెవరు?"

"బల్బులు కొనొద్దని చెప్పే ముసలాయన. మీరే పంపించేవారట కదా."

చివరి షాపతను చేతిలో పని ఆపి డ్రైవరు మొహంలోకి చూశాడు. చనిపోయింది ఇతని భార్యేనని గుర్తుపట్టాడు. గొంతు తగ్గించాడు.

"మీ ఇంటి సంగతి తెలిసిన రోజే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడయ్యా. ఈ వీధిలో ఇక తలెత్తుకుని నడవలేనన్నాడు. ఎటు వెళ్ళాడో నాకూ చెప్పలేదు."

"ఆయనకెందుకు తలవంపులు? తప్పేమైనా చేశాడా?"

"నువ్వు ఈ స్టాండుకి కొత్త, నీకు తెలియదు. ఆ షాపు పెట్టిందే ఆయన. ఇప్పుడందులో కూర్చున్నవాడు ఆయన కన్నకొడుకు."