ఫానియాస్ అననన్న మాట

“చెరిపెయ్ ఆ మాట! నువ్వు చెరుపుతావా, ఉలి లాక్కుని నన్నే చెక్కెయ్యమంటావా?”

ఫానియాస్ చేతికర్రతో కొత్త సమాధిరాయిని ఠంగున కొట్టాడు. కోపమొస్తే ఆయనకి మనిషికీ రాయికీ తేడా తెలీదు. శిల్పి సోసియాస్ అడ్డం వచ్చాడు.

“అంచు విరుగుతుంది పెద్దాయనా! ‘ఖైరే’ అనేగా చెక్కాను? సంతోషించు అని. ఎదురుపడితే అదే అంటాం, సాగనంపితే అదే అంటాం. పోయినవాళ్ళకీ అదే. ఈ సమాధుల బాటలో ఏ రాయి మీద లేదు చెప్పండి?”

“ఆ రాళ్ళ కింద మనుషులున్నారు. దీని కింద మా తమ్ముడున్నాడు! ఇంట్లో అమ్మ శవం ఉంటే కొరింథులో తాగి పడున్న వెధవ. వాణ్ణి సంతోషించమనాలా? జన్మలో వాడికి ఆ మాట చెప్పనని జ్యూస్ దేవుడి మీద ఒట్టేశాను. వాడు చచ్చాడు గానీ నా ఒట్టు చావలేదు.”

“మిమ్మల్నెవరు చెప్పమన్నారు? రాయి చెబుతుంది.”

“రాయికి నోరుందా? చదివినవాడి నోరే దాని నోరు!”

అదీ నిజమే. మా ఏథెన్సులో చదవడమంటే గొంతెత్తి చదవడమే. మనసులో చదువుకునే వింత మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఆచారం ప్రకారం రాతి నడుముకి ఎర్ర గుడ్డపట్టీ కడుతున్న మిర్తాలె, చనిపోయిన మిక్కోస్ భార్య, అప్పుడు తలెత్తింది. ఆమె కళ్ళూ నిప్పులే.

“చెరిపించండి బావగారూ. ఆయన పోయేరోజు గుమ్మం తొక్కలేదు మీరు. ఇప్పుడొచ్చి రాయి మీద పడండి. నాకు అక్షరాలు రావు. ఆ పాడుమాట ఎక్కడుందో నాకు చూపించి మరీ చెరిపించండి.”

“చూపించనా? కళ్ళు పెట్టుకు చూడు!” ఫానియాస్ కర్రమొనతో ఒక్కో అక్షరాన్నీ పొడిచాడు. “ఇదిగో! ఇదిగో! ‘ఖైరే, మిక్కోస్!’”

అనేశాక ఆగిపోయాడు. కర్ర రాయి మీదే ఉండిపోయింది. సోసియాస్ తల తిప్పుకుని ఉలి తుడుచుకోసాగాడు.

“అన్నయ్య గొడవకి రాకుండా ఉండడు, వస్తే పైకి చదవకుండా ఉండడు అన్నారాయన,” అంది మిర్తాలె. “మంచంలో ఉండగానే రెండు వరుసలూ చెప్పి చెక్కించుకున్నారు.”

“రెండా?” ఫానియాస్ కర్ర దించాడు.

ఆమె గుడ్డపట్టీ విప్పేసింది. కింద రెండో వరుస ఉంది:

“నీకూ ఖైరే, అన్నా.”