తేలిక తెడ్డు

"చెయ్యను తల్లీ. ఇంకెవరి దగ్గరికైనా వెళ్లు," అన్నాడు వీరభద్రాచారి, చిత్రిక పడుతున్న చెక్క మీంచి తల ఎత్తకుండానే.

వెంకాయమ్మ కదల్లేదు. మోసుకొచ్చిన టేకు తెడ్డును ఆయన ముందు నేల మీద పెట్టింది.

"ఇది నా వల్ల కావట్లేదండీ. రెండుసార్లు అవతలికీ ఇవతలికీ తిరిగేసరికి భుజం పీకేస్తోంది. నిన్న నడిచెరువులో చెయ్యి పట్టేసింది. దోనెలో నలుగురు ఆడోళ్లున్నారు. ఒకటే కేకలు."

"కూలీల మేస్త్రీ చూశాడా?"

"చూశాడండీ. సోమారం దాకా ఆగుతాడంట. అప్పటికీ ఇట్టాగే ఉంటే ఇంకో దోనె పెట్టుకుంటాడంట."

ముసునూరు తోటల్లో మామిడి చెట్లకు పాదులు తవ్వే రోజులు. చెరువు నిండితే ఊళ్లోవాళ్లు తోటలకు చుట్టూ తిరిగి మూడు మైళ్లు నడవాలి. కూలీలను అడ్డంగా దాటించేది వెంకాయమ్మ తాటిదోనె. ఆ పని కూడా పోతే ఆమె ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

అది ఆచారికి తెలియక కాదు. పోయినేడు గాలివానలో ఆమె మొగుడు గంగరాజు ఆ చెరువులోనే పోయాడు. దోనెలో అప్పుడు ఉన్నది మొగుడూ పెళ్లామే. ఆచారి చేసిచ్చిన మామిడికర్ర తెడ్డు నడిమధ్యలో విరిగిందట. మామిడికర్ర నీళ్లు తాగితే ఎన్నాళ్లో ఆగదని ఈ ప్రాంతంలో పసివాడికి కూడా తెలుసు. అందుకని ఎవరూ మారుమాట అడగలేదు. ఆచారి ఆ రోజు నుంచి మళ్లీ తెడ్డు చెక్కలేదు. మామిడికాయల పెట్టెలకు మేకులు కొట్టుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు.

ఆమె ఎంతకీ వెళ్లకపోయేసరికి ఆచారి లేచి, అటక మీది పాత తెడ్లు రెండు దించాడు. మొదటిదాన్ని రెండు వేళ్ల మీద అడ్డంగా నిలబెట్టి బరువు ఎటు తూగుతోందో చూశాడు.

"నేరేడు కర్ర. పది వానాకాలాలు ఆగుతుంది. కూర్చుని వేసి చూడు."

వెంకాయమ్మ బోర్లించిన పెట్టె మీద కూర్చుంది. ఎడమవైపు రెండు, కుడివైపు రెండు, గాలిలోనే తెడ్డు వేసింది.

"పిడి లావండీ. గుప్పిట మూసుకోవట్లేదు."

ఆచారి పిడిని చిత్రిక పట్టి సన్నం చేసి ఇచ్చాడు. ఈసారి గుప్పిట్లో ఇమిడింది గానీ, పదోసారి వేసేసరికి ఆమె భుజం కిందికి జారింది. పళ్లు బిగబట్టింది. రెండోది వేపకర్ర. పొట్టిది. నీళ్లు అందాలంటే నడుం విరిగేలా వంగాలి.

"ఇవన్నీ మొగాళ్లకి చేసినవండీ," అని ఆమె రెండూ పక్కన పెట్టింది. పెట్టెల కోసం కోసి ఉంచిన మామిడి చెక్కల వైపు చూపించింది. "దాంతో చెయ్యండి. ఆయనకి చేసిచ్చారే, అట్టాంటిది. ఎంత తేలిగ్గా ఉండేదో."

వచ్చే కాపుకి పెట్టెలు పురమాయించడానికి నూజివీడు నుంచి వచ్చిన పళ్ల వ్యాపారి పాండురంగారావు ఇంతసేపూ స్టూలు మీద కూర్చుని ట్రాన్సిస్టరు వింటున్నాడు. ఆ మాటతో దాని గొంతు నొక్కేశాడు.

"భలేదానివే! మొగుణ్ణి మింగిన కర్రే కావాలా నీకు? ఆచారీ, నువ్వు గానీ చేసిచ్చావంటే ఈసారి ఊళ్లో ఉండనివ్వరు, చెబుతున్నా."

పుండు మీద కారం చల్లడమంటే అదే. ఆచారి మొహం పాలిపోయింది. చేతిలో ఉన్న చిత్రిక కింద పెట్టేశాడు.

"విన్నావుగా. కుండకి మూత పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం. పోనీ, ఊరి గొడవ మనకొద్దు. నా సంగతి విను. నీ మెళ్లో పుస్తెలు తెంచింది ఈ చేతులే తల్లీ. కన్ను మూస్తే కర్ర ఫెళ్లుమన్న చప్పుడే. ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు కూడా ఈ చేతులే కనపడతాయి. మళ్లీ అదే కర్ర చెక్కి నీకెట్టా ఇవ్వను? నువ్వూ పోతే నేను బతకాలా?"

అరవై దాటిన మనిషి ఏడుస్తున్నాడు. పరాయివాడు చూస్తున్నాడన్న ధ్యాస కూడా లేదు, కండువా అడ్డం పెట్టుకోలేదు.

ఏడాదిగా ఆచారి ఎదురుపడితే వెంకాయమ్మ పక్కసందులోకి తప్పుకునేది. కోపం కాబోలు, ఎవరికుండదు, అనుకునేవాళ్లు ఊళ్లో. ఇవాళ తప్పుకోవడానికి సందు లేదు. ఆమె పాండురంగారావు వైపు చూసింది. ఇక్కడ మాట పొద్దుగూకేలోగా ఆగిరిపల్లి దాటించగల మనిషి. అయినా గొంతు తగ్గించలేదు.

"మీ తెడ్డు విరగలేదండీ."

ఆచారి తలెత్తాడు. "అదేంటమ్మా? విరిగిందని నువ్వే కదా చెప్పింది."

"నేనే చెప్పానండీ. ఆయన నీళ్లలో పడితే నేను మీ తెడ్డే అందించాను. రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరం చెరోవైపూ లాగినా అది చెక్కుచెదరలేదు."

పాండురంగారావు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"దోనె ఒరిగిపోయింది. భయమేసిందండీ," అంది వెంకాయమ్మ. "ఆయన అటు చివర వదల్లేదు. ఇటు చివర వదిలేసింది నేను."