దింపడానికి వచ్చినవాడు

మత్తు ఇచ్చాక ప్రాణం ఎక్కడ ఉంటుందన్నది కామేశానికి ఏళ్లనాటి సందేహం. అందుకే పిప్పిపన్నుతోనే నెట్టుకొచ్చాడు. చివరికి ఓ చలికాలం సాయంత్రం, చీకటి పడ్డాక, బ్లాక్‌టౌన్ పళ్ల క్లినిక్‌లో "గ్యాసా, మాత్రా, సూదా?" అని డాక్టరు అడిగితే, వెంకన్నను తలచుకుని సూదికే చెయ్యి చాపాడు.

కళ్లు తెరిచేసరికి నొప్పి లేదు. ఎక్కడా చప్పుడు లేదు.

"మీరు డ్రైవ్ చేయకూడదు అంకుల్," అంది నర్సు లిఖిత. "తీసుకెళ్లడానికి శ్రీపతి అంకుల్ వచ్చి సంతకం పెట్టేశారు."

రావలసింది కూతురు. స్నేహితుడు శ్రీపతి పోయి నాలుగేళ్లయింది. ఆ మాట చెబుదామంటే కామేశానికి నాలుక కదల్లేదు.

లిఖిత అతన్ని శ్రీపతి కారెక్కించింది. కెల్లీవిల్ మలుపు వచ్చింది, వెనకపడింది.

"ఇల్లు దాటిపోయిందిరా!" అన్నాడెలాగో.

దీపాల్లేని రోడ్డు మీద కారు ఆగింది.

"రోజూ స్టేషన్ నుంచి నన్ను నువ్వేగా దింపేవాడివి," అన్నాడు శ్రీపతి, నవ్వుతూ. "ఇవాళ్టితో ఆ బాకీ తీరిందిరా. దిగు."