నడిమి పలక

తెర మీద పెళ్లికూతురు నవ్వింది. ముక్కు ఉండాల్సిన చోట నల్లటి చదరం.

రఘునందన్ పళ్లు కొరుకుతూ ఫోన్ తీశాడు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఆయనది ఫంక్షన్ హాలు. స్టేజీ వెనక పదహారు అడుగుల ఎల్‌ఈడీ గోడ. బడిపిల్లల పలకంత ముక్కలు వందల కొద్దీ అతికించిన గోడ అది. ఇప్పుడు పెళ్లికొచ్చిన జనం పెళ్లికొడుకును చూడరు, గోడను చూస్తారు. గోడ లేని హాలును దగ్గర్లోని మన్నెగూడ వాళ్లు కూడా అడగడం లేదు. అందుకే కొంగరకలాన్‌లో ప్లాటు అమ్మి మరీ పెట్టించాడు. లక్ష గంటలు వెలుగుతుందన్నారు. మూడేళ్లు నిండలేదు, నడిమి పలక చచ్చిపోవడం ఇది ఏడోసారి.

మర్నాడు పొద్దున మెకానిక్ హన్మంత్ వచ్చాడు. ఆ గోడను బిగించింది అతనే. మీర్‌పేట్ నుంచి బండి మీద వచ్చేసరికి తిట్లు సిద్ధంగా ఉన్నాయి.

"లక్ష గంటలన్నరు. లక్ష తిట్లు తిట్టినా నా కడుపు సల్లారది," అన్నాడు రఘునందన్. "దీనికో కరెంటు బిల్లు, దీనికో ఏసీ, దీన్ని జూసుకోనీకి నువ్వు. గింతకంటె బర్రెల కొట్టం పెట్టుకున్నా బాగుండు."

హన్మంత్ గోడ వెనక సందులోకి దూరాడు. ఎన్నిసార్లు వచ్చినా ఆ కంపు అతనికి అలవాటు కాలేదు. పెళ్లివాళ్లు చాటుగా తాగి పడేసిన సీసాలు, ఎంగిలి గ్లాసులు, బిర్యానీ బొక్కలు, ఎలుకల పెంట. మూతికి రుమాలు కట్టుకుని వైర్లన్నీ చూశాడు. బాగానే ఉన్నాయి. ఏసీ నీళ్లు కూడా కారడం లేదు. ముందుకొచ్చి పలక ఊడదీశాడు.

మళ్లీ అదే. పూసల్లాంటి బల్బుల సందుల్లో ఎండిపోయిన ఎర్రటి మురికి. లోపలంతా చెమ్మ చేరి తుప్పెక్కింది.

"మళ్ల పాన్ ఉమ్మిండ్రన్నా," అన్నాడు ముఖం చిట్లించి.

రఘునందన్ ఆ పలకను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"థూ! కడుపునిండ తిని, పెళ్లికూతురి మొకం మీద ఉమ్ముతరా? గీళ్లు మనుషులేనా?"

ఉమ్మొద్దని హాలులో నాలుగు బోర్డులు పెట్టించాడు. స్టేజీ దగ్గర మనిషిని కాపలా పెట్టాడు. అయినా అదే పలక, అదే ఎరుపు. జనాన్ని చూస్తేనే ఆయనకు రోత పుడుతోంది. ఉన్నట్టుండి ఆయన చూపు హన్మంత్ నోటి మీద పడింది.

గుట్కా మానేసి ఏడాదైనా హన్మంత్ పళ్ల గార పోలేదు.

"నువ్వే ఉమ్మి, నువ్వే మారుస్తున్నవా ఏంది? వచ్చినప్పుడల్లా నీకు పైసలు పడ్తయ్ గద!"

"నా బిడ్డ మీద ఒట్టన్నా. అసొంటి పాడు పని నేనెందుకు జేస్త?"

రఘునందన్ వినలేదు. అక్కడికక్కడే హన్మంత్ పనిచేసే కంపెనీకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాడు. చెప్పి, ఫోన్ హన్మంత్ చేతిలో పెట్టాడు. మేనేజర్ రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆ పలక ఇంకొక్కసారి పోతే హన్మంత్ పనిలోకి రానక్కర్లేదు.

ఇక మార్చడానికి ఉన్నది కూడా ఒక్కటే. గోడతో పాటు వచ్చిన విడి పలకలు ఏడు. ఆరు అయిపోయాయి. వేరేది ఎక్కడినుంచి తెచ్చినా రంగు కలవదు, చొక్కాకు మాసిక వేసినట్టు కనిపిస్తుంది. ఇదీ పోతే గోడ మొత్తం మార్చాల్సిందే.

రఘునందన్ భార్య రాధమ్మ చాయ్ తెచ్చింది. స్టేజీ ఊడవడం, గోడ తుడవడం ఆమె పనివాళ్లకు వదలదు. ఆ హాలులో హన్మంత్‌ను మనిషిగా చూసేది కూడా ఆమె ఒక్కతే.

"తమ్మి గసొంటోడు గాదు," అంది భర్తతో. "మన హాలు జూసి అందరు ఏడుస్తుండ్రు. దిష్టి తగుల్తున్నది."

"మళ్ల మొదలువెట్టినవా? గుమ్మడికాయ గిట్ల తెచ్చి కడితివా, ఊకోను. గిది ఏసీ హాలు," అని కసిరి రఘునందన్ బయటికి వెళ్లిపోయాడు.

హన్మంత్ ఆఖరి పలక బిగించాడు. స్విచ్ వేశాడు. గోడ నిండా గులాబీలు పూశాయి. ఎక్కడా మచ్చ లేదు. పాత పలక ఎరుపు వేళ్లకు అంటితే సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు. అయినా ఎవరి ఉమ్మో తన చేతికి ఉన్నట్టే అనిపించింది.

"జర నువ్వు జూస్తుండక్కా. గిది పోయిందంటే నా నౌకరీ పోతది. ఇద్దరు పిల్లలు," అన్నాడు వెళ్లబోతూ.

"ఫికర్ జెయ్యకు తమ్మీ. ఈపారి దానికేం గాకుంట నేను జూసుకుంట."

అన్ని తిట్లు తిన్నాక ఆ ఒక్క మాటకే అతని కళ్లు చెమర్చాయి. చెయ్యెత్తి దండం పెట్టి బండెక్కాడు.

బండి చప్పుడు దూరమయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డ రాధమ్మ, లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి, కొంగు చాటున తెచ్చిన తడి కుంకుమలో వేలు ముంచి, మొగుడి కంట పడకుండా ఇన్నాళ్లూ పెడుతున్నట్టే, ఈసారి హన్మంత్ కోసం ఇంకాస్త పెద్దగా, నడిమి పలకకు బొట్టు పెట్టింది.